చెత్తకు విలువ లేదన్నదెవరు?

బెజవాడలో కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఆటోనగర్‌లో ప్లాస్టిక్ రీసైక్లింగ్ యూనిట్ పెడితే, చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "పాత సామాన్ల కొట్టా?" అని. అందుకే విజిటింగ్ కార్డు మీద ‘సర్క్యులర్ ఎకానమీ’ (వాడిందే మళ్లీ వాడటమన్నమాట) అని అచ్చు వేయించుకోవడం ఈ రంగంలో తొలి పెట్టుబడి. దాంతో పెళ్లి సంబంధాలు నిలబడతాయి. సరుకు మాత్రం ఆ పాత సామాన్ల కొట్టు నుంచే వస్తుంది.

ఇక టెక్నాలజీ. నీళ్ల సీసాల్ని ముక్కలు చేసి తొట్టిలో పోస్తారు. మూతల ముక్కలు పైకి తేలతాయి, సీసా ముక్కలు, అదే పెట్, అడుక్కి పోతాయి. ఇక్కడిదాకా ప్రకృతి సహకరిస్తుంది. మధ్యలో పీవీసీ ముక్క ఒకటి దూరిందా, అదీ పెట్‌తోపాటే బుద్ధిగా మునుగుతుంది. పెట్ కరగాలంటే 250 డిగ్రీలైనా ఉండాలి. ఆ వేడికి పీవీసీ మాడి, సరుకంతా నల్ల చుక్కలు. ఆ పీవీసీని ముందే ఏరిపారేయడానికి లక్షలు పోసి కెమెరాల యంత్రం తెస్తారు. యంత్రానికి కాస్త ముందు, బెల్టు పక్కన స్టూళ్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరుతుంటారు. ఇన్వెస్టర్లు వచ్చే రోజు వాళ్లకు సెలవు.

సరుకు తయారయ్యాక కొనేవాడు కావాలి. పర్యావరణమంటే ప్రాణం పెట్టే కంపెనీలు ముందు కొత్త ప్లాస్టిక్ రేటు కనుక్కుంటాయి. కొత్త ప్లాస్టిక్ పుట్టేది చమురు నుంచే కాబట్టి, చమురు ధర పడితే కొత్తదే చౌక. లోకానికి శుభవార్త, మనవాడికి బీపీ. 2021 అక్టోబర్‌లో ప్లాస్టిక్ చెత్త మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచి, చెత్తకూ గౌరవం ఉందని ప్రభుత్వం చాటింది కూడా.

2022లో అసలు వరం దిగింది: ఈపీఆర్, అంటే అమ్మినవాడి మెడకే చెత్త బాధ్యత. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీ ఆ ప్లాస్టిక్ చెత్తకు పూచీ పడి, అందులో నిర్ణీత వాటాని రీసైకిల్ చేయించాలి. తనే చేయక్కర్లేదు, రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్ కొంటే సరి. మరుసటి ఏడాదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో 6 లక్షల దాకా దొంగ సర్టిఫికెట్లు దొరికాయి. తొట్టి లేదు, పీవీసీ బెడద లేదు, కరెంటు బిల్లు లేదు, చుక్క నీరు మురికి కాలేదు. ఇంతకు మించిన పర్యావరణహిత టెక్నాలజీ మరెక్కడుంది? ఆ సర్టిఫికెట్లను పుట్టించిన యూనిట్లు గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్నాయట. ఇంతటి ఆవిష్కరణలో ఆంధ్రా ఎందుకు వెనకబడిందో తేల్చడానికి పరిశ్రమల శాఖ వెంటనే ఓ కమిటీ వేయాలి.