నలభై తొమ్మిదో పుట

తెలుగువాళ్లు చదవడం మానేశారని ప్రతి పుస్తకావిష్కరణ సభలోనూ వాపోయే వక్తలకు ఒక శుభవార్త. చదవడం ఎవరూ మానలేదు. పుస్తకాలు అవసరానికి మించి లావుగా ఉండటం వల్ల చదివేవాళ్ల ప్రతిభ ఇన్నాళ్లూ అంకెల్లోకి రాలేదు, అంతే. ఆ లోటు తీర్చడానికే చిన్న కథా పుస్తకాల రీడింగ్ ఛాలెంజ్ అవతరించింది. జనవరి 1న లక్ష్యం ప్రకటించాలి, డిసెంబరు 31 అర్ధరాత్రిలోగా దాన్ని పూర్తి చేయాలి. బరువైన నవలల జోలికి పోకుండా కథా సంపుటాలు, నవలికలు మాత్రమే చదవాలి. వారానికి ఒకటి చొప్పున 52 అన్నది సంసారపక్షమైన లక్ష్యం. నూరు అని ప్రకటించినవాళ్లకు బంధువర్గంలో కూడా కాస్త గౌరవం దక్కుతుంది. మా మిత్రబృందం తలపెట్టిన ఈ సవాలును స్వీకరించిన బాధ్యతగల పాఠకుడిగా, ఇంతటి బృహత్కార్యం గట్టి నిబంధనలు లేకుండా సాగిపోవడం సాహిత్యానికి క్షేమం కాదని భావించి, కొన్ని అంశాలను పెద్దల పరిశీలనకు సమర్పిస్తున్నాను.

మొట్టమొదట తేలవలసింది, అసలు ఏది పుస్తకం అన్న సంగతి. ఇది వేదాంతులు తేల్చే ప్రశ్న కాదు, లెక్కలు రాసేవాళ్లు తేల్చుకోవలసిన ప్రశ్న. అదృష్టవశాత్తు యునెస్కో 1964లోనే దీనికి సమాధానం చెప్పి పెట్టింది. అట్టలు మినహాయించి కనీసం 49 పుటలుంటే అది పుస్తకం. 5 నుంచి 48 పుటల దాకా ఉంటే అది వట్టి పాంప్లెట్. ఏ దేశంలో ఎన్ని పుస్తకాలు అచ్చవుతున్నాయో పోల్చి చూసుకోవడానికి ఆ సంస్థ పెట్టుకున్న కొలత అది. మా బృందం దాన్ని మక్కికి మక్కి స్వీకరించింది. అయితే మన ప్రెస్సువాళ్లు పుస్తకాన్ని పుటల్లో కాక ఫారాల్లో లెక్కిస్తారు. మామూలు డెమీ సైజులో ఫారానికి 16 పుటలు, మూడు ఫారాలు వేస్తే సరిగ్గా 48. అంటే, సొంత డబ్బుతో అచ్చు వేసుకుంటూ, కాగితం ధరకు జడిసి, తన నాలుగు కథలనూ మూడు ఫారాల్లో పొదుపుగా సర్దుకున్న నిరాడంబర రచయిత ఒక్క పుట తేడాతో సాహిత్యంలోంచి జారి పాంప్లెట్లలో పడ్డాడు. అలాంటి పుస్తకం ఒకటి నేను చదివి నమోదుకు పంపితే మా కన్వీనరుగారు తిప్పి పంపారు. కథలు చాలా బాగున్నాయని విన్నవించుకున్నాను. "బాగుంటే బాగుండవచ్చునండీ, పుట తక్కువైంది కదా" అన్నారాయన. దాంట్లో వాదించడానికి ఏముంది? బాగుండటాన్ని కొలిచే సాధనం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. పుటల సంఖ్య మాత్రం ప్రతి పుట అడుగునా అచ్చయి ఉంటుంది.

ఈ కొలమానాన్ని చేతపట్టుకుని మన కథా చరిత్రలోకి వెళ్లినవాడికి అనేక అవకతవకలు కనిపిస్తాయి. గురజాడ అప్పారావు 1910లో ఆంధ్రభారతి పత్రికలో ప్రచురించిన దిద్దుబాటు నిండా నాలుగైదు పుటలు దాటదు. తొలి తెలుగు కథ అదా, లేక అంతకు ఎనిమిదేళ్లు ముందే వచ్చిన భండారు అచ్చమాంబ కథా అన్న వాదన ఇప్పటికీ చల్లారలేదు. సవాలు దృష్టితో చూస్తే ఆ వాదనకు అర్థమే లేదు. ఎవరు ముందైనా ఇద్దరికీ వచ్చేది సున్నాయే. పాలగుమ్మి పద్మరాజు పరిస్థితి మరీ జాలిగొలిపేది. ఆయన గాలివాన కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అంత దూరం వెళ్లి నెగ్గుకొచ్చిన కథ మా వీధి చివరి సవాలులో మాత్రం ఖాతా తెరవలేకపోయింది. ఆ న్యాయనిర్ణేతలు పుటలు లెక్కపెట్టారో లేదో మనకు తెలియదు గానీ, పెట్టలేదనే నా అనుమానం.

మరి కథా సంపుటాన్ని ఈ గండం గట్టెక్కించేది ఏమిటని అడిగితే, ముందుమాట. లోకంలో మరే భాషవాళ్లయినా కథలు రాసి పుస్తకం వేస్తారేమో గానీ, మనవాళ్లు ముందుమాటలు సేకరించి వాటి వెనక కథలు వేస్తారు. ప్రచురణకర్తల మాట, విశ్రాంత ఆచార్యులవారి పీఠిక, ప్రసిద్ధ కవిగారి ఆప్తవాక్యం, రచయితతో పాటు బస్సులో ఆఫీసుకు వెళ్లిన సహోద్యోగి జ్ఞాపకాలు, ఆ తరువాత "నా మాట", అంకితం, కృతజ్ఞతలు, ఏ కథ ఏ పత్రికలో వచ్చిందో తెలిపే పట్టిక, వీటి మధ్యలో గౌరవసూచకంగా వదిలిన ఖాళీ పుటలు. రచయిత గనక కాస్త పలుకుబడి గలవాడైతే మొదటి కథ మొదలయ్యేసరికే పుస్తకం యునెస్కో గీతకు చేరువై ఉంటుంది. పైగా మన పీఠికాకర్తలు దయామయులు. సంపుటంలోని ప్రతి కథనూ పేరుపేరునా తలచుకుని, ఇతివృత్తం చెప్పి, పాత్రల స్వభావం వివరించి, కొసమెరుపు ఏమిటో కూడా ముందే విప్పి చెప్పేస్తారు. కాబట్టి పీఠిక చదివితే పుస్తకం చదివినట్టే లెక్క అని మా బృందంలో ఒక వర్గం వాదిస్తోంది. పీఠిక రాసినవారు కూడా అన్ని కథలూ చదివి ఉండరు కనుక, పాఠకుడి నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించడం అన్యాయమని వారి తర్కం. రెండో వర్గం దీన్ని తీవ్రంగా ఖండించింది. పీఠిక కూడా అక్కర్లేదనీ, వెనక అట్ట చాలుననీ వారి వాదం.

లావు పుస్తకాలవాళ్లకు ఈ సవాలు మీద కోపం ఉండటం సహజం. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు సుమారు వెయ్యి పుటల గ్రంథం. ఒకవేళ దాన్ని లెక్కలోకి రానిచ్చినా, మూడు నెలలు శ్రమించి ముగించినవాడికి వచ్చేది ఒక పుస్తకం. ఆ మూడు నెలల్లో పక్కవాడు అరవై పుటల పుస్తకాలు పాతిక ముగించి, ఆ నవలలోని సుబ్బన్నపేట కోట దగ్గరే తచ్చాడుతున్నవాడి వైపు కరుణతో చూస్తుంటాడు. ఇందులో అన్యాయమేమీ లేదు. ప్రజాస్వామ్యంలో బక్కవాడికీ లావుపాటివాడికీ ఓటు ఒక్కటే అయినప్పుడు పుస్తకాల విషయంలో వేరే నీతి ఎందుకుండాలి? అసలు మన భాషలో ఈ సవాలుకు తగిన రచయిత ఒకాయన ఎప్పుడో పుట్టాడు. సమయానికి సవాలే పుట్టలేదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశాడని ప్రతీతి. అవన్నీ చిన్న పుస్తకాలు. స్వాతంత్ర్యానికి ముందు రోజుల్లో రైల్వే ప్లాట్‌ఫారాల మీద అణాలకు అమ్ముడుపోయి, రైలు దిగేలోగా పూర్తయి, మరొకరి చేతిలోకి మారిపోయేవి. ఆనాటి పాఠకులు, ముఖ్యంగా పెద్దవాళ్ల కంట పడకుండా దిండు కింద దాచుకుని చదివిన ఆడపిల్లలు, ఏడాదికి ఎన్ని ముగించారో ఎవరూ ఎక్కడా నమోదు చేసుకోలేదు. చదివారు, బాగుంటే ఇంకొకటి తెప్పించుకున్నారు, అంతటితో సరి. ఎంత వృథా!

మనం అలా వృథా పోనివ్వడం లేదు. పాఠకుల వెబ్‌సైటు గుడ్‌రీడ్స్ 2011 నుంచి నడుపుతున్న వార్షిక సవాలులో, మనం ఎన్ని పుస్తకాలు ముందున్నామో, ఎన్ని పుస్తకాలు వెనకబడ్డామో అది ఏడాది పొడుగునా చెబుతూనే ఉంటుంది. పుస్తకంతో మనిషికి ఉన్న సంబంధంలో అప్పు అనే భావన ప్రవేశించడం ఇదే మొదటిసారని నేను ఘంటాపథంగా చెప్పగలను. పూర్వం గ్రంథాలయానికి బాకీ పడేవాళ్లం, పుస్తకాల కొట్టుకు బాకీ పడేవాళ్లం. ఇప్పుడు ఇంకా తెరవని పుస్తకానికి కూడా బాకీ పడవచ్చు. ఈ బాకీ కారణంగానే మన పుస్తక ప్రదర్శనలకు కొత్త అర్థం వచ్చింది. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలోనూ హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులోనూ జరగడం కాకతాళీయం కాదని నా నమ్మకం. మొదటిది కొత్త లక్ష్యం ప్రకటించిన ఊపులో లావు పుస్తకాలు కొనుక్కోవడానికి, రెండోది లెక్క తేలని భయంతో సన్నవి వెతుక్కోవడానికి. డిసెంబరు చివరి వారంలో హైదరాబాద్ ప్రదర్శన జరిగే ఎన్టీఆర్ స్టేడియానికి వెళ్లి చూడండి. రచయిత పేరు, కథ పేరు చూడకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పుస్తకాన్ని పట్టుకుని మందం చూసే కొనుగోలుదారులు కనిపిస్తే, వారు నా సాటి సాధకులని గ్రహించండి.

శాఖా గ్రంథాలయంలో నాకు ఎదురైన అనుభవం మాత్రం వేరు. కౌంటర్లో కూర్చున్న పెద్దాయనను, సన్నపాటి కథల పుస్తకాలు ఏమైనా ఉన్నాయాండీ అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, "ఏ రకం కథలు బాబూ?" అన్నారు. రకంతో పని లేదండీ, సన్నగా ఉంటే చాలునన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి, ఒక సంపుటం తెచ్చి బల్ల మీద పెట్టారు. చూడటానికి సన్నదే. "ఇది తీసుకెళ్లండి. కాకపోతే త్వరగా తిరిగి రాదు, జాగ్రత్త" అన్నారు. గ్రంథాలయ సిబ్బందికి సవాలు నియమాల మీద శిక్షణా తరగతులు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆయన హెచ్చరిక వెనక ఉన్న సమస్య మాత్రం నిజమైనదే, దాన్ని దాచి లాభం లేదు. కొన్ని కథలు పాఠకుడిని ఆపేస్తాయి. నవలకు ఆ దుర్గుణం తక్కువ. నాలుగు వందల పుటలు నడిచినవాడిని అది ఎలాగోలా సాగనంపుతుంది. కథ అలా కాదు. పది నిమిషాల్లో అయిపోయి, ఆ తరువాత రెండు రోజులు మరో పుస్తకం ముట్టుకోనివ్వదు. కాళీపట్నం రామారావు యజ్ఞం దీనికి పరాకాష్ఠ. ఆ కథ ఉన్న యజ్ఞంతో తొమ్మిది సంపుటానికి 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం ఇచ్చారు గానీ, దాని చివరి పుటకు చేరిన పాఠకుడు వెంటనే పుట తిప్పి తరువాతి కథలోకి చలాకీగా వెళ్లిన దాఖలా నేనింతవరకు చూడలేదు. మా బృందంలో నూరు పుస్తకాల లక్ష్యంతో ఉరకలు వేస్తున్న ఒక మిత్రుడు మార్చిలో ఈ సంపుటం మొదలుపెట్టాడు. మొదటి కథ ముగించాక మళ్లీ వెనక్కి వెళ్లి, ఆ ఊరి పంచాయతీలో ఎవరు ఏమన్నారో మొదటి నుంచి చూసుకుంటున్నాడట. చదివిన కథనే మళ్లీ చదివితే అదనపు మార్కులు రావని కన్వీనరుగారు ఎంత చెప్పినా వినడం లేదు. ఆయన ఏప్రిల్ లెక్క ఇప్పటికీ ఖాళీ. ఇంతటితో ఆగక రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పి, ఇతరులు రాసిన ఇటువంటి ప్రమాదకరమైన కథలను కూడా ఒకే కప్పు కింద పోగు చేశారు. సవాలులో ఉన్నవాళ్లు ఆ వైపు రైల్లో వెళ్లేటప్పుడు, ఆ ఊరికి దగ్గరి స్టేషనైన ఆమదాలవలసలో దిగకుండా ఉండటం శ్రేయస్కరం.

కనుక పాఠకుడి వేగానికి అడ్డుపడే కథలను ముందే గుర్తించి, అట్ట మీద తగిన హెచ్చరిక ముద్రించాలని నేను ప్రతిపాదించాను. ఎంతసేపట్లో చదవవచ్చునో, ఎంతసేపట్లో మరచిపోవచ్చునో రెండూ వేయాలి. రెండో అంకె తెలిపే బాధ్యత ఎవరిదన్న దాని మీద ఏకాభిప్రాయం కుదరలేదు. విమర్శకులకు అప్పగిద్దామంటే, వాళ్లు చదవనిదే మరచిపోవడం ఎలాగన్న సాంకేతిక అభ్యంతరం వచ్చింది.

గత సమావేశంలో మా బృందంలోని ఒక తెలుగు పండితులు, పాత తరం మనిషి, లేచి నిలబడి ఒక సవరణ తెచ్చారు. సవాలు మనవాళ్లకు కొత్తది కాదనీ, అవధానం అంటేనే సవాలనీ, పృచ్ఛకులు ఎన్ని అడ్డంకులు పెట్టినా అవధాని పద్యాలన్నీ పూరించి, చివర ధారణ చేసి అన్నిటినీ వరసగా అప్పగిస్తేనే అవధానం ముగిసినట్టనీ గుర్తుచేశారు. అందువల్ల డిసెంబరు 31న ప్రతి సభ్యుడూ వేదిక ఎక్కి, తాను చదివిన పుస్తకాలన్నిటి నుంచి పుస్తకానికి ఒక్క కథ చొప్పున, అందులో ఎవరికి ఏమైందో ఒక్కొక్క వాక్యంలో అప్పగించాలన్నారు. మొత్తం కథ అక్కర్లేదట, ఎవరికి ఏమైందో చెబితే చాలునట.

హాలులో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తొంభై పుస్తకాలు దాటిన సభ్యురాలు మంచినీళ్లు అడిగారు. యజ్ఞం దగ్గర ఆగిపోయిన మిత్రుడు ఒక్కడే తాను సిద్ధమేనన్నాడు గానీ, ఏడాదికి ఒక్క కథ చదివినవాడి అభిప్రాయాన్ని పరిగణనలోకి తీసుకోనక్కర్లేదని తీర్మానమైంది. చర్చ అనంతరం కన్వీనరుగారు, అవధాన ప్రక్రియ మీద బృందానికి అపారమైన గౌరవం ఉన్నదని ప్రకటిస్తూ, ధారణ అంశాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. అవధానంలోని మిగతా అంశాల్లో అప్రస్తుత ప్రసంగాన్ని మాత్రం ఈ ఏడాది నుంచే అమలు చేయాలన్న ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. అది ఎలాగూ నడుస్తూనే ఉన్నది కనుక అదనపు ఖర్చేమీ ఉండదని కోశాధికారిగారు సభకు తెలియజేశారు.