మహిళా బార్బర్‌షాప్ క్వార్టెట్లు: గెలుపు ఎక్కడ తయారవుతుంది?

కార్డెట్స్ పేరు వినకపోయినా వాళ్ళ పాట ఏదో ఒక సినిమాలోనో యాడ్‌లోనో మీ చెవిన పడే ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం షెబోయ్‌గన్ ఊళ్ళో 1946లో మొదలైన నలుగురు అమ్మాయిల బృందం (క్వార్టెట్) అది, 1949లో ఆర్థర్ గాడ్‌ఫ్రీ టాలెంట్ షో గెలిచి దేశమంతా తెలిసిపోయారు, 1954లో 'మిస్టర్ శాండ్‌మాన్' బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్. వాళ్ళలో జిన్నీ ఆస్‌బార్న్ అనే ఆవిడ నాన్న మగవాళ్ళ బార్బర్‌షాప్ (వాయిద్యాలు లేకుండా నలుగురు కలిసి పాడే పద్ధతి) సంఘానికి ప్రెసిడెంట్‌గా చేసినాయన. అంటే ఇంట్లోనే ఆ సంగీతం ఉంది, కానీ అప్పట్లో ఆ సంఘంలో కూతురికి సభ్యత్వం దొరకదు, ఎందుకంటే అది మగవాళ్ళది.

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించేది వేరే. మహిళా బార్బర్‌షాప్ పోటీల్లో 1947 నుంచీ కిరీటం గెలిచినవాళ్ళ లిస్టు తీస్తే అందులో కార్డెట్స్ పేరు ఉండదు. ఉన్న పేర్లు బయట ఎవరికీ తెలియవు. డికేటరెట్స్, గ్రోయింగ్ గర్ల్స్, సాల్ట్, లవ్‌నోట్స్... పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీస్ చేసుకున్నవాళ్ళే ఎక్కువ. బయట జనం దృష్టిలో హిట్ అవడం ఒక దారి, ఈ పోటీ గెలవడం పూర్తిగా వేరే దారి, రెండోదాంట్లో టాలెంట్ కన్నా ముందు లెక్కలోకి వచ్చేవి చాలా ఉన్నాయి అనేది నా వాదన. గెలిచిన ప్రతి బృందం గురించీ వచ్చే కథనాల్లో స్నేహం, పట్టుదల, కల నెరవేరింది అనే మాటలే ఉంటాయి. అవి అబద్ధం అనను, కానీ ఓడిపోయిన బృందాల్లో మాత్రం స్నేహం, పట్టుదల లేవా?

తెలియనివాళ్ళకి ముందు సంగతి చెప్పాలి. బార్బర్‌షాప్ అంటే వాయిద్యాలు లేకుండా నాలుగు గొంతులు పాడే పద్ధతి. పాట అసలు ట్యూన్ లీడ్ పాడుతుంది, దానికి పైన లైట్‌గా టెనర్, అడుగున బేస్, మధ్యలో మిగిలిపోయిన స్వరాన్ని పట్టుకుని పూడ్చేది బారిటోన్. ఈ బారిటోన్ లైన్ విడిగా వింటే అసలు పాటలాగే ఉండదు, ఒకసారి లీడ్‌కి కింద, ఇంకోసారి పైన, గంతులేస్తూ పోతుంది, కానీ అది లేకపోతే మొత్తం బోలుగా అయిపోతుంది. మామూలు కోరస్‌లో ఒక్కో పార్ట్‌కి పదిమంది ఉంటారు కాబట్టి ఒకరు తడబడినా, ఊపిరి తీసుకున్నా తెలియదు. క్వార్టెట్‌లో పార్ట్‌కి ఒక్కరే, దాక్కునే చోటు లేదు.

పోటీలో జడ్జిలు వెతికేది రింగ్ అంటారు వీళ్ళు. నాలుగు స్వరాలూ కచ్చితమైన నిష్పత్తిలో కుదిరి, అచ్చులు కూడా నలుగురి నోట్లో ఒకే ఆకారంలో ఉంటే, ఎవరూ పాడని స్వరం ఒకటి పైన వినపడుతుంది. ఇదేం మాయ కాదు, ఓవర్‌టోన్ల (ఒక స్వరంతో పాటు దానంతటదే పుట్టే పై స్వరాల) ఫిజిక్స్. మన తంబురా మీటితే మంద్ర షడ్జం తీగలోంచి ఎవరూ మీటని అంతర గాంధారం పలుకుతుంది చూడండి, స్వయంభూ గాంధారం అంటారే, దాని వెనకున్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. బార్బర్‌షాప్‌కి ప్రాణం లాంటి సెవెంత్ కార్డ్‌లో (కార్డ్ అంటే ఒకేసారి పలికే స్వరాల కూర్పు) నాలుగు స్వరాలూ 4:5:6:7 నిష్పత్తిలో కూర్చోవాలి, అందులో 7 దగ్గర కూర్చునే స్వరం పియానో మీద ఉన్నదానికంటే బాగా కిందకి ఉంటుంది. అంటే పియానో పెట్టుకుని దాని శ్రుతికే అలవాటు పడ్డవాళ్ళు ఇక్కడ తప్పు శ్రుతిలో పాడినట్టే లెక్క. అందుకే స్టేజ్ మీద చేతిలో పిచ్ పైప్ (శ్రుతి కోసం ఊదే చిన్న పరికరం) ఒక్కటే ఉంటుంది, దానితో మొదటి స్వరం తీసుకుని మిగతాదంతా ఒకరి చెవి మీద ఒకరు ఆధారపడి నడిపించాలి.

ఆడవాళ్ళకి ఇందులో ఒక అదనపు కష్టం ఉంది. మగ బేస్ గొంతు చాలా కింద నుంచి మొదలవుతుంది కాబట్టి దాని ఓవర్‌టోన్లు మన చెవి బాగా పట్టే చోట దట్టంగా పడతాయి, రింగ్ తేలిగ్గా వస్తుంది. ఆడ గొంతుల్లో మూల స్వరమే ఎత్తులో ఉంటుంది, ఓవర్‌టోన్ల మధ్య ఎడం పెరిగిపోతుంది, కొంచెం అచ్చు తేడా వచ్చినా కొంచెం శ్రుతి జారినా ఆ మెరుపు రాదు. మగవాళ్ళ అరేంజ్‌మెంట్ (పాటని నాలుగు గొంతులకి పంచి రాసినది) తెచ్చి స్థాయి పెంచి పాడేస్తే సరిపోదు, మహిళా గొంతులకి కుదిరేలా రాసే అరేంజర్లు కావాలి, ఆడ బేస్ గొంతుని తయారుచేసే కోచ్‌లు కావాలి, అసలు ఆ తేడా విని మార్కులు వేయగల జడ్జిలు కావాలి. వీళ్ళు ఒక్కరోజులో పుట్టరు.

ఇక్కడే నా అసలు పాయింట్ మొదలవుతుంది. మగవాళ్ళ సంఘం 1938లో ఓక్లహోమాలోని టల్సాలో పుట్టింది. అదే టల్సాలో 1945 జూలై 13న ఎడ్నా మే ఆండర్సన్ అనే ఆవిడ తన ఇంట్లో కొంతమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి మనమూ పాడదాం అంది. స్వీట్ అడెలైన్స్ అలా మొదలైంది. మొదటి శాఖకి ఆటమాటన్ అని పేరు పెట్టుకున్నారు, అణువంత ఆలోచన, టన్ను శక్తి అని దాని అర్థమట, ఆ పేరు పెట్టడంలోనే వాళ్ళ సరదా తెలిసిపోతుంది. రెండేళ్ళు తిరిగేసరికి 1947లో సొంతంగా క్వార్టెట్ పోటీ పెట్టేశారు, ఇలినాయ్ రాష్ట్రం డికేటర్ నుంచి వచ్చిన డికేటరెట్స్ మొదటి చాంపియన్లు. అప్పట్నుంచి గెలిచినవాళ్ళని క్వీన్స్ ఆఫ్ హార్మొనీ అంటారు, నిజంగానే తల మీద కిరీటం పెడతారు, పెట్టేది ముందు ఏడాది గెలిచిన నలుగురు. బయటివాళ్ళకి ఇది కొంచెం అందాల పోటీలా కనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది, కానీ కిరీటం పక్కన పెట్టి దాని కింద ఉన్న యంత్రాంగం చూడాలి.

సంఘాన్ని ప్రాంతాలుగా విడగొట్టారు, వసంతంలో ప్రాంతీయ పోటీలు, అందులో నెగ్గినవాళ్ళు, మంచి స్కోరు వచ్చిన మరికొందరు, సంవత్సరం చివర్లో ఇంటర్నేషనల్‌కి వెళ్తారు, సెమీఫైనల్ దాటితేనే ఫైనల్ స్టేజ్. చాలాకాలంగా మార్కులు నాలుగు విభాగాల్లో వేస్తూ వచ్చారు: సౌండ్, మ్యూజిక్, ఎక్స్‌ప్రెషన్, షోమన్‌షిప్. మార్కులు ఒక్కటే ఇచ్చి పంపించేయరు, జడ్జి ఏం విన్నాడో, ఎక్కడ బేస్ బరువు తగ్గిందో, ఎక్కడ పదం చివర ఊపిరి ముందే తీసేశారో కాగితం మీద రాసి ఇస్తారు. సీ స్థాయి నుంచి బీ, బీ నుంచి ఏ అని గ్రేడ్ల లెక్క ఉంటుంది. ఒక క్వార్టెట్ సంవత్సరాల తరబడి ఈ కాగితాలు పట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్తుంది, కోచ్ ఇద్దరిద్దరిని విడదీసి పాడిస్తారు, లీడ్-బేస్ కుదిరాక లీడ్-బారిటోన్, తర్వాత టెనర్‌ని కలుపుతారు, ఒక్క అచ్చు దగ్గర సాయంత్రమంతా గడిచిపోతుంది. టీవీ పాటల పోటీల్లో జడ్జి కళ్ళు తుడుచుకుంటే అదే కామెంట్ అనుకునే మనకి ఇది బోరింగ్‌గా కనిపించొచ్చు, గెలుపు తయారయ్యేది మాత్రం ఆ బోరింగ్ పని దగ్గరే.

ఇంకో రూల్ చాలా తెలివైనది. ఒకసారి కిరీటం గెలిచిన క్వార్టెట్ మళ్ళీ పోటీకి రాకూడదు, మాజీ చాంపియన్లకి కోరోనెట్ క్లబ్ అని వేరే ఉంది. దీనివల్ల ఏమవుతుందంటే ఒకే బృందం పదేళ్ళు ఏలడం కుదరదు, గెలిచినవాళ్ళు కోచింగ్‌లోకి, డైరెక్షన్‌లోకి, జడ్జింగ్‌లోకి వస్తారు, కొందరు కొత్తవాళ్ళతో ఇంకో క్వార్టెట్ కట్టుకుని మళ్ళీ కింద నుంచి మొదలుపెడతారు. అంటే గెలుపు తాలూకు జ్ఞానం స్టేజ్ మీద ఆగిపోకుండా కిందకి పారుతుంది.

స్వీడన్ ఉదాహరణ తీసుకోండి. అమెరికా పాత పాటల మీద నడిచే ఈ కళలో, ఇంగ్లీష్ మాతృభాష కాని ఒక చిన్న దేశం నుంచి గ్రోయింగ్ గర్ల్స్ 1989 చాంపియన్లయ్యారు, అమెరికా బయట నుంచి కిరీటం పట్టుకెళ్ళిన మొదటి క్వార్టెట్ వాళ్ళే. తర్వాత సాల్ట్, 2007 చాంపియన్లు, వాళ్ళూ స్వీడన్‌వాళ్ళే (గెలిచేది ఒక ఏడాది చివర్లో, టైటిల్ మరుసటి ఏడాది పేరు మీద ఉంటుంది, అందుకే ఈ సంవత్సరాలు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తాయి). స్టాక్‌హోమ్ దగ్గర రోనింగే అనే చిన్న ఊరి కోరస్ 2013లో హోనొలులు వెళ్ళి కోరస్ పోటీలో బంగారు పతకం తెచ్చుకుంది. వీటిని విడివిడి అద్భుతాలుగా చూస్తే ఏమీ అర్థం కాదు. ఒక తరం గెలిచింది, అక్కడే ఉండి తర్వాతి తరానికి నేర్పింది, ఊళ్ళో కోరస్ బలపడింది, కోరస్‌లోంచి మళ్ళీ క్వార్టెట్ పుట్టింది. ఇంగ్లీష్ మాతృభాష కాకపోవడం కూడా బహుశా వాళ్ళకి మేలే చేసిందేమో అని నా అనుమానం, అచ్చులు ఎలా పలకాలో అలవాటు మీద వదిలేయకుండా నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సి వస్తుంది కదా.

లవ్‌నోట్స్ ఇంకో రకం దారి. 25 ఏళ్ళ లోపు అమ్మాయిలకి రైజింగ్ స్టార్ అని వేరే పోటీ ఉంది, అందులో గెలిచి, విడిపోకుండా ఏళ్ళ తరబడి పాడుతూ పెద్ద పోటీలో 2014 చాంపియన్లయ్యారు. విడిపోకుండా అనే మాట దగ్గర ఆగాలి. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఊరు మారడం, వీటిలో ఏ ఒక్కటి ఒక్కరికి వచ్చినా నలుగురి క్వార్టెట్ ఆగిపోతుంది. కోరస్‌లో ఒకరు మానేస్తే ఇంకొకరు వస్తారు, ఇక్కడ కొత్త టెనర్ వస్తే నాలుగు గొంతుల రంగూ మళ్ళీ మొదటి నుంచి కలుపుకోవాలి.

ఇంతసేపూ ఈ వ్యవస్థని పొగిడాను కాబట్టి దాని మచ్చ కూడా చెప్పాలి, అది చిన్న మచ్చేం కాదు. మగవాళ్ళు గుమ్మం మూస్తే సొంత ఇల్లు కట్టుకున్న ఈ ఆడవాళ్ళే 1958లో తమ సభ్యత్వం తెల్లవాళ్ళకి మాత్రమే అని రూల్ పెట్టారు. దీన్ని ఒప్పుకోనివాళ్ళు బయటికొచ్చేసి 1959లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో హార్మొనీ ఇన్‌కార్పొరేటెడ్ అనే వేరే సంఘం పెట్టుకున్నారు. స్వీట్ అడెలైన్స్ ఆ రూల్ తీసేసింది 1966లో, మగవాళ్ళ సంఘం 1963లో. అసలు ఘోరం ఏంటంటే ఈ సంగీతానికి వేళ్ళు ఆఫ్రికన్ అమెరికన్ల క్వార్టెట్ పాటల్లో ఉన్నాయని లిన్ ఆబట్ అనే పరిశోధకుడు 1992లో ఆధారాలతో రాశాడు. 1941లో న్యూయార్క్‌లో గెలిచిన గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే నల్లజాతి క్వార్టెట్‌ని మగవాళ్ళ సంఘం జాతీయ పోటీకి రానివ్వలేదు, దానికి నిరసనగా న్యూయార్క్ అధికారి రాబర్ట్ మోసెస్, మాజీ గవర్నర్ అల్ స్మిత్ లాంటి పెద్దవాళ్ళు ఆ సంఘానికి రాజీనామా చేశారు. కాబట్టి గెలిచినవాళ్ళ లిస్టు చదివేటప్పుడు, ముఖ్యంగా మొదటి ఇరవై ఏళ్ళది, అసలు ఆ స్టేజ్ ఎక్కనివ్వనివాళ్ళు ఎవరు అనేది కూడా కలిపి చదవాలి. వ్యవస్థ గెలుపుని తయారుచేస్తుంది అంటున్నా కదా, ఎవరికి తయారుచేయాలో కూడా అదే తేల్చేసింది ఆ రోజుల్లో.

ఇంకో విమర్శ తరచూ వినిపిస్తుంది, మార్కుల కాగితం పట్టుకుని తయారైన క్వార్టెట్లు అన్నీ ఒకేలా ఉంటాయని, అదే చిరునవ్వు, అదే చేతుల ఊపు, పాట చివర అదే పొడుగు స్వరం. ఇందులో నిజం ఉంది. వరసగా నాలుగైదు క్వార్టెట్లు వింటే నాకూ మొహం మొత్తుతుంది. కానీ పైస్థాయికి వెళ్ళేకొద్దీ సీన్ మారుతుంది, కింద స్థాయిలో రూల్స్ పాటించడానికే శక్తంతా పోతుంది, అవి ఒంటికి పట్టేసినవాళ్ళకి పాట మీద ఆలోచించే తీరిక దొరుకుతుంది, ఫైనల్‌లో తేడా తెలిసేది అక్కడే.

2018లో మగవాళ్ళ సంఘం, ఇప్పుడు బార్బర్‌షాప్ హార్మొనీ సొసైటీ, నాష్‌విల్ కేంద్రంగా ఉన్నది, ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇచ్చింది. ఇక వేరే సంఘం దేనికి అని అడిగేవాళ్ళు బయల్దేరారు. నాకు ఈ ప్రశ్నే తొందరపాటుగా కనిపిస్తుంది. అక్కడ మార్కులు మ్యూజికాలిటీ, పెర్ఫార్మెన్స్, సింగింగ్ అని మూడు విభాగాలు, ఆ జడ్జిల చెవులు ఎనభై ఏళ్ళ మగ గొంతుల రింగ్‌కి అలవాటు పడ్డవి, ఆడ క్వార్టెట్‌కి మంచి స్కోరు అంటే ఏంటో వాళ్ళూ నేర్చుకోవాలి. సభ్యత్వం ఒక తీర్మానంతో వస్తుంది, ఆ చెవి రావడానికి టైమ్ పడుతుంది. అక్కడ పోటీ చేయాలనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి, వెళ్తున్నారు కూడా, ఇక్కడిది మూసేయమనడం మాత్రం అరేంజర్లనీ కోచ్‌లనీ తయారుచేసే చోటుని మూసేయమనడమే అవుతుంది.

నాకు నిజంగా భయం వేసేది సంఘాల విలీనం గురించి కాదు, ఖర్చు గురించి. గెలిస్తే వచ్చేది పతకం, కిరీటం, పేరు. ప్రాక్టీస్‌కి ప్రయాణాలు, కోచ్ ఫీజు, అరేంజ్‌మెంట్‌కి డబ్బు, నలుగురికీ స్టేజ్ డ్రెస్సులు, పోటీ ఊరికి విమానం, హోటల్, చాలావరకు సొంత జేబులోంచే. కాలేజీలో మొదలైన క్వార్టెట్‌కి మొదటి ప్రాంతీయ పోటీ దాకా ఉత్సాహం లాక్కొస్తుంది, ఆ తర్వాత సీ గ్రేడ్ కాగితం చేతిలో పెట్టుకుని వచ్చే ఏడాది మళ్ళీ ఇంత ఖర్చు పెట్టాలా అని నలుగురూ లెక్క వేసుకునే చోట చాలా బృందాలు ఆగిపోతాయి. సంఘాలు కిరీటం వేడుక మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ రెండో ఏడాది మీద పెట్టి, కొత్త క్వార్టెట్లకి కోచింగ్ ఫీజు తామే కడితే, గెలిచేవాళ్ళ లిస్టులో వచ్చే పదేళ్ళలో ఇప్పటిదాకా కనపడని ఊళ్ళ పేర్లు కనపడతాయని నా అంచనా.