షాట్ గ్లాసులో బిర్యానీ ఎవరి కోసం?

షాట్ గ్లాసులో బిర్యానీ పెట్టడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఈ మధ్య హైదరాబాద్‌లో ఎవరింట్లో గెట్ టుగెదర్ అయినా అదే. రెండు చెంచాల అన్నం, పైన ఒక పుదీనా ఆకు, పక్కన బుల్లి ప్లాస్టిక్ పిప్పెట్‌లో మిర్చీ కా సాలన్. ఆ పిప్పెట్ నొక్కి సాలన్ చుక్కలు చుక్కలుగా పోసుకోవాలట. మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ ఆ గ్లాసుని లైటుకి ఎత్తి చూసి, "ఇందుల ముక్క ఏడుందమ్మా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇచ్చినావిడ దగ్గర జవాబు లేదు.

చిన్న సైజు తిండికి నేనేం వ్యతిరేకిని కాదు. ఇంటికి పదిహేను మంది వస్తున్నారంటే నేనూ అదే చేస్తాను. మన ఫ్లాట్లలో డైనింగ్ టేబుల్‌కి ఉండేవి ఆరు కుర్చీలు. కొందరు బాల్కనీలో నిలబడతారు, కొందరు మ్యాచ్ చూస్తూ సోఫా వదలరు. ఒక చేత్తో తినగలిగేవి పెడితే అందరికీ హాయి. షుగర్ ఉన్న మావయ్య ఒక్క చిట్టి బొబ్బట్టు తిని ఆగగలరు. పిల్లలు ప్లేట్లో సగం వదిలేయరు. "ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి", "అయ్యో వద్దండీ" అనే పెనుగులాట తప్పుతుంది. నా గొడవల్లా, దేన్ని చిన్నది చేయాలో, ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ ఆలోచించట్లేదని.

"క్యాజువల్‌గా రండి, ఏవో చిన్న చిన్నవి చేస్తున్నా" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. ఆ చిన్న చిన్నవాటి కోసం ఆవిడ పొద్దున్నుంచీ స్టవ్ దగ్గరే. కుక్కర్లో పప్పు, ఒక కూర, పెద్ద బేసిన్‌డు పులిహోర అయితే రెండు గంటల్లో తేలిపోయేది. దాని బదులు వంద ముక్కలు చుట్టి, మడిచి, ఒక్కోదానికి టూత్‌పిక్ గుచ్చి, ఒక్కోదాని మీద కొత్తిమీర ఆకు నిలబెట్టి... జనం వచ్చేసరికి ఆవిడకి పలకరించే ఓపిక కూడా ఉండదు. వాళ్లాయన హాల్లో ట్రే పట్టుకుని తిరుగుతూ "మేమే చేశామండీ" అంటుంటాడు. ఆయన వాటా టూత్‌పిక్ డబ్బా తేవడం.

కాబట్టి నాకున్న పరీక్ష ఒక్కటే. చిన్నగా చేయడం వల్ల వండేవాళ్లకి పని తగ్గాలి, లేదా ఆ పని ముందు రోజుకి జరిగిపోవాలి. మనుషులు వచ్చాక వండినావిడ కూడా వాళ్లతో కూర్చోగలగాలి. అలా కుదరకపోతే ఆ వంటకాన్ని దాని మానాన దాన్ని పెద్ద గిన్నెలోనే వదిలేయండి.

బిర్యానీ ఈ పరీక్షలో మొదటి నిమిషంలోనే ఫెయిల్. కచ్చి బిర్యానీలో అడుగున మసాలా పట్టించిన పచ్చి మాంసం, పైన సగం ఉడికిన బియ్యం వేసి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ముకి పెడతాం. మాంసం వదిలిన ఆవిరికే పైన అన్నం పూర్తిగా ఉడుకుతుంది. వడ్డించేటప్పుడు అడుగు దాకా తవ్వి తీస్తే తెల్లన్నం, మసాలా అన్నం, ముక్క కలిసి ప్లేట్లోకి వస్తాయి. ఆ తవ్వడంలోనే సగం ఆనందం. గ్లాసులో ఆ వరసలు ఉండవు, ఎముక ముక్క పట్టదు. పైగా అంత కొంచెం అన్నం నిమిషాల్లో చల్లారి బిరుసెక్కుతుంది. గంటలకొద్దీ కష్టపడి దమ్ బిర్యానీ చేసి, చివర్లో దాన్ని చల్లటి పులావ్‌లా తినిపించడం ఏం తెలివి?

చల్లారడం గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలు చిక్కంతా అక్కడే. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా వేడి పోతుంది, అంత త్వరగా ఎండిపోతుంది. అందుకే ఉప్మా పనికిరాదు. అచ్చు పోసిన బుల్లి ఉప్మా బిళ్లలు ఈ మధ్య చాలా చోట్ల చూస్తున్నాను, పది నిమిషాలాగి కొరికితే గోడకున్న సిమెంటు గుర్తొస్తుంది. బుల్లి ఉప్మా పెసరట్టూ అంతే. అరచేతిలో సగం ఉన్న అట్టు మధ్యలో ఉప్మా పెట్టి మడిస్తే అట్టు చిరుగుతుంది, ఉప్మా చొక్కా మీద పడుతుంది. హలీమ్ కొంచెం నయం, చిన్న కప్పులో బాగానే ఉంటుంది. కానీ ముందే కప్పుల్లో పోసి ట్రేలో వరసగా పెడితే జిగురుగా గడ్డకడుతుంది. గిన్నెని సన్నటి సెగ మీదే ఉంచి, వచ్చినవాళ్లకి వచ్చినట్టు పోసి, వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్క పక్కన పెట్టండి. 2010లోనే జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకత అనే భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకున్న వంటకం మన హైదరాబాదీ హలీమ్, ఆ మాత్రం మర్యాద చేయొచ్చు.

ఇక నాకు నచ్చినవి చెప్తాను. అన్నిటికంటే ముందు బటన్ ఇడ్లీ. దాని ప్లేటు ఉంటే చేత్తో ఆకారం ఇచ్చే పనే లేదు, పిండి పోయడమే. ఆరేడు నిమిషాల్లో ఉడికిపోతాయి. వీటిని సాంబారు గ్లాసులో టూత్‌పిక్‌తో ముంచుకోమని పెట్టకండి, ఇడ్లీ పుల్లకి ఆగదు, సాంబారు మోచేతి దాకా కారుతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, నెయ్యి వేడిచేసి కరివేపాకు వేసి, కారప్పొడితో కలపండి. వేడి మీద కలిపితే విరిగిపోతాయి. ఒక జాగ్రత్త: పెద్ద ఇడ్లీకి పొడి ఒక పక్కే అంటుకుంటుంది, వీటికి చుట్టూ పడుతుంది. మీ మామూలు కొలతలో వేస్తే చెవుల్లోంచి పొగలే. ఇవి చల్లగా ఉన్నా బాగుంటాయి, చట్నీ అక్కర్లేదు, ఒలికేది లేదు. చట్నీ తప్పనిసరి అనుకుంటే అల్లం పచ్చడిలాంటి గట్టిదేదైనా పెట్టండి. మన తిండిలో సగం పులుసు, చారు, పల్చటి పచ్చడి. నిలబడి తినే చోట వాటితో కష్టం.

పుల్లబడిన దోశ పిండి ఉంటే గుంత పొంగనాలు. అందులోకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర చాలు. చీజ్ పెట్టేవాళ్లు పెట్టుకోండి, నేను వాదించను. పునుగులూ ఇదే కోవ. కాకపోతే వేయించినవేవీ గిన్నెలో పోసి మూత పెట్టకండి, ఆవిరికి మెత్తబడతాయి. జల్లి మీద ఆరనిచ్చి, వచ్చాక ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో పెడితే పునుగు తోలులా సాగుతుంది.

చిన్నది చేస్తే నిజంగా ఇంకా బాగుపడే వంటకం ఒకటుంది. పెరుగు గారె. మామూలు గారె పైన నాని, లోపల పొడిగా మిగిలిపోవడం మనందరికీ తెలిసిందే. పిండి గట్టిగా రుబ్బి, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద ఉండలుగా, చిల్లు కూడా పెట్టకుండా వేయించండి. కాసేపు గోరువెచ్చటి నీళ్లలో వేసి తీసి పెరుగులో వేస్తే మధ్య దాకా నానతాయి. ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. మర్నాడు పైన అల్లం, ఆవాల తాలింపు, కప్పుకి రెండు. మా అత్తయ్య మొదట "ఇదేం గారె, చిల్లు ఏది?" అన్నారు. తర్వాత కప్పు మళ్లీ చాపారు, ఆవిడ నోటివెంట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

సర్వపిండి దగ్గర మాత్రం నా సిద్ధాంతం తలకిందులవుతుంది. అరచేతి సైజులో పెనం మీద బుల్లి బుల్లి సర్వపిండ్లు తట్టేవాళ్లున్నారు. బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు అన్నీ ఉన్నా అది చెక్కకి అన్నలాంటిదే అవుతుంది గానీ సర్వపిండి అవదు. లోతు గిన్నెలో గోడల దాకా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచితేనే గిన్నెకి తగిలిన పక్క ఎర్రగా కరకరలాడుతూ, రెండో పక్క మెత్తగా వస్తుంది. కాబట్టి పెద్దదే చేసి కత్తితో ముక్కలు కోయండి. చల్లారినా రుచి పోదు.

ఇవన్నీ కొత్త ఐడియాలైనట్టు వీడియోల్లో చూపిస్తుంటే నవ్వొస్తుంది. ఇరానీ హోటల్లో చాయ్ పక్కన వచ్చే చిన్న ఉల్లి సమోసా ఎప్పటిది? పాతబస్తీ పెళ్లి దావత్‌లలో పెట్టే లుఖ్మీ, ఆ నలుచదరపు ఖీమా ముక్క, కూర్చుని తినే పెద్ద భోజనానికి ముందు నోరూరించడానికే పుట్టింది. మైదా పిండిలో ఖీమా పెట్టి ముందు రోజే మడిచి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, వచ్చాక వేయించడమే. గుళ్లో ప్రసాదం సంగతి చూడండి. దొన్నెలో రెండు ముద్దల పులిహోర, కాస్త దద్దోజనం, నిలబడి, చేత్తో, చల్లగా. ఎవరైనా ప్రసాదం చల్లగా ఉందని ఫిర్యాదు చేశారా? చింతపండు పులుసు, నూనె పట్టిన అన్నం గంటలు గడిచేకొద్దీ ఇంకా రుచెక్కుతుంది. పార్టీకి బిర్యానీ గ్లాసుల బదులు పులిహోర దొన్నెలు పెట్టి చూడండి, ముందుగా ఏవి ఖాళీ అవుతాయో. దద్దోజనం మాత్రం పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపి, ఫ్రిజ్‌లోంచి చివర్లో తీయండి. మన ఎండాకాలంలో గంట దాటి బయట ఉంచకండి.

ముద్దపప్పు అన్నాన్ని ఉండలు చేసి, బ్రెడ్ పొడిలో దొర్లించి, నూనెలో వేయించి, ఆవకాయ మయొనైజ్‌తో ఇచ్చిన చోటికి కూడా వెళ్లాను. పేరు చెప్పను, దగ్గరివాళ్లే. ముద్దపప్పు హాయి ఎక్కడుంటుంది? వేడన్నం మీద నెయ్యి కరుగుతుంటే వేళ్లతో కలపడంలో. ఆ కలపడం తీసేసి నూనెలో ముంచితే మిగిలేది పిండిపదార్థం. ఆవకాయ పెట్టిన రోజు మన ఇళ్లలో ఏం చేసేవారో గుర్తుందా? పచ్చడి కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి, గోడలకి అంటిన కారం, నువ్వుల నూనె అంతా తుడిచేలా కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టడం. ప్లేటు లేదు, చెంచా లేదు, టూత్‌పిక్ లేదు. దగ్గరి స్నేహితులైతే ఇప్పటికీ అలా పెట్టొచ్చు. నేను పెడతాను. మొదట ఇబ్బందిగా నవ్వుతారు, తర్వాత చేతులు చాపుతూనే ఉంటారు.

లెక్క గురించి ఒక మాట, ఎందుకంటే జనం ఎక్కువగా తిట్టుకునేది ఇక్కడే. తర్వాత భోజనం ఉంటే మనిషికి అయిదారు ముక్కలు చాలు. ఇదే భోజనం అయితే పన్నెండుకి తక్కువ వద్దు, అందులో సగమైనా కడుపు నింపేవి ఉండాలి. ఏది సంగతో పిలిచేటప్పుడే చెప్పేయండి. "డిన్నర్‌కి రండి" అని పిలిచి మూడు రకాల పుల్లల మీద తిండి పెట్టి పంపితే, వాళ్లు ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో పెరుగు వెతుక్కుంటారు. మర్నాడు మీ గురించి మాట్లాడుకునేది కూడా అదే. నేనైతే ఒక గిన్నెడు పప్పుచారు, అన్నం, అప్పడాలు వంటింట్లో సిద్ధంగా ఉంచుతాను. తొమ్మిదిన్నరకి సగం మంది అక్కడే తేలతారు.

స్వీట్లలో డబుల్ కా మీఠా చిన్నదిగా చక్కగా కుదురుతుంది. నిన్నటి బ్రెడ్‌ని చిన్న చదరాలుగా కోసి నెయ్యిలో వేయించి, పాకంలో ఒక్క మునక వేసి తీయండి. ముక్క చిన్నది కాబట్టి పాకం వెంటనే పీల్చేస్తుంది, వదిలేస్తే ముద్దయిపోతుంది. పూర్ణం బూరెల్ని చిట్టివి చేయడం మాత్రం నాకు సుతరామూ ఇష్టం లేదు. బూరెకి వేలితో చిల్లు పెట్టి నెయ్యి పోసుకోవాలి, గోళీకాయంత బూరెలో నెయ్యి ఎక్కడ పోస్తారు? ఖుబానీ కా మీఠా అసలే చెంచాలతో తినేది, చిన్న కప్పుల్లో మీగడ వేసి ఇచ్చేయండి. కాకపోతే ఆ గింజలు పారేయకండి. టూత్‌పిక్‌లు తెచ్చిన ఆయనకి ఒక సుత్తి ఇచ్చి కూర్చోబెట్టి, పగలగొట్టి లోపలి పప్పులు తీయమనండి. అవి పైన చల్లితేనే ఖుబానీ.