మార్పిడి చేసి చేతులు దులుపుకుంటారా?

దాత నుంచి రక్తాన్ని పుట్టించే కణాలు తీసి రోగికి ఎక్కించే మూలకణ మార్పిడి జరిగిందంటే ఫొటోలు, శాలువాలు, ప్రకటనలు. ఆ తర్వాతి వంద రోజుల గురించి అడిగే నాథుడే లేడు. పాడేరు వైపు నుంచి తలసేమియా బిడ్డతో వచ్చిన ఒక తండ్రి, విశాఖలో గది అద్దెకు తీసుకుని, మార్పిడి తర్వాత రక్తంలో సీఎంవీ అనే వైరస్ ఎంతుందో చెప్పే పీసీఆర్ పరీక్ష రిపోర్టు కోసం ఆరు రోజులు ఎదురుచూశాడు. నమూనా హైదరాబాద్ పంపారట. బిల్లు మాత్రం ఆయన చేతికే వచ్చింది. మార్పిడికి డబ్బు కట్టిన పథకం ఈ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి మొహం చాటేసింది.

సీఎంవీ అంటే సైటోమెగలో వైరస్. మన పెద్దల్లో దాదాపు అందరి ఒంట్లోనూ ఉండేదే. ఆరోగ్యవంతుల్లో కిక్కురుమనదు. కీమోతో పాత ఎముక మజ్జను తుడిచేసి దాత కణాలు ఎక్కించాక, అవి నిలదొక్కుకునే లోపే నిద్ర లేస్తుంది. ఊపిరితిత్తులకు పాకితే బతికించడం కష్టం. అందుకే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా, వారం వారం రక్తం పరీక్షించి, వైరస్ పెరుగుతోందని తెలియగానే గాన్‌సిక్లోవిర్ మొదలుపెడతారు. ఆ మందు తెల్లకణాలను పడగొడుతుంది కనుక దానికీ రక్తపరీక్షలే కాపలా. పెద్దల్లో వైరస్‌ను ముందే అడ్డుకునే లెటర్మోవిర్‌కు అమెరికా 2017లోనే అనుమతిచ్చింది. ఇక్కడి సామాన్యుడు దాని ధర వింటేనే టెన్షన్. పోనీ, ఆ మాట అలా ఉంచుదాం. కనీసం పరీక్షైనా సమయానికి జరగొద్దా?

రోగులు తక్కువ, కిట్లు ఖరీదు అంటారు అధికారులు. కావచ్చు. కానీ కోవిడ్ రోజుల్లో ఇదే నగరంలో, ఆంధ్రా మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో రోజూ పీసీఆర్ పరీక్షలు చేశారు. సీఎంవీకి కావలసిందీ అదే తరహా యంత్రం, వేరే కిట్. అప్పుడు రాత్రింబవళ్లు చేయగలిగినవాళ్లు ఇప్పుడు వారానికి ఒకసారి చేయలేమంటే నమ్మేదెవరు?

మార్పిడికి లక్షలు ఇచ్చి, దాన్ని కాపాడే పరీక్షకు వేలు ఇవ్వకపోవడం పొదుపు కాదు, కపటం. ఆ పథకం ప్యాకేజీలో మొదటి వంద రోజుల వైరస్ పరీక్షలు, మందులు రెండూ చేరాలి. రిపోర్టు రెండు రోజుల్లో విశాఖలోనే రావాలి.

మళ్లీ రిబ్బన్ కత్తిరించడానికి వచ్చే అమాత్యులవారు కెమెరాలను బయటే ఉంచి వార్డులోకి వెళ్లండి. పోయిన వారం రిపోర్టు వచ్చిందా అని ఒక్క తల్లినైనా అడగండి. రాలేదంటే శాలువా అక్కడే తీసేసి వెళ్లండి.