ఉల్లిపాయలు ఎండితే నా జీతం ఎందుకు తగ్గాలి?

మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో ఒక సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. నా ముందున్న పెద్దాయన ద్రాక్షపళ్లు తూకం వేయించకముందే ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నారు. "పులుపో తీపో చూసుకోవద్దా?" అని నవ్వారు కూడా. నాకు నవ్వు రాలేదు. ఆ గుప్పెడు ఎవరి జీతంలోంచి పోతుందో నాకు తెలుసు.

డిగ్రీ అయ్యాక 2018లో ఏడాదిన్నర పాటు ఇలాంటి దుకాణంలోనే కూరగాయల విభాగంలో పనిచేశాను. ఏజెన్సీ ద్వారా ఉద్యోగం, జీతం 12,000. పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికొచ్చేది పదివేల చిల్లర. నెలాఖరున స్టాక్ లెక్క. కంప్యూటర్లో ఉన్న బరువుకూ కాటా మీది బరువుకూ తేడా వస్తే దాని పేరు షార్టేజి. విభాగంలో నలుగురం, తేడా డబ్బును నాలుగు భాగాలు చేసి మా జీతాల్లో కోసేవారు. ఒక నెల నా వాటా 640 రూపాయలు.

ఎక్కడికి పోయింది ఆ సరుకు? పొద్దున తడిగా దిగిన కొత్తిమీర ఏసీ గాలికి సాయంత్రానికి వాడిపోతుంది. ఉల్లిపొట్టు రాలి చీపురుకు పోతుంది, దాని బరువు మాత్రం మా ఖాతాలో ఉంటుంది. ఒకసారి పంతం పట్టి నాలుగు రోజుల పొట్టు కవర్లో పోగేసి కాటా మీద పెట్టాను. కిలో దాటింది. మేనేజరు చూసి, "బాగుంది, దీన్ని ఎవరు కొంటారు?" అన్నారు.

తరుగు లేని కూరగాయల వ్యాపారం ఉందా? బోయిన్‌పల్లి మార్కెట్లో హమాలీని అడిగినా చెబుతాడు. తోపుడుబండి ఆమె తరుగు కలుపుకునే ధర చెబుతుంది. పెద్ద దుకాణం మాత్రం ధరలో ఒకసారి, మా జీతంలో ఇంకోసారి వసూలు చేస్తుంది.

  

1936 నాటి వేతన చెల్లింపుల చట్టం నేను ఉద్యోగం మానేశాక చదివాను. దాని ప్రకారం సరుకు నష్టానికి జీతంలో కోత పెట్టాలంటే ఆ సరుకు ప్రత్యేకంగా మనకు అప్పగించినదై ఉండాలి, నష్టం మన నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోత పెట్టేముందు మన జవాబు వినాలి. దాని బదులు వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఇవే షరతులు. నన్ను ఎవరూ జవాబు అడగలేదు. రిజిస్టర్లో సంతకం మాత్రం అడిగారు, పెట్టాను.

ఇప్పుడు ఆ పనిలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సంతకం పెట్టే ముందు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకోండి. నా దగ్గర ఒక్క కాగితమూ లేక, మొత్తం పోయిన డబ్బు ఎంతో కూడా నేను చెప్పలేకపోతున్నాను.