తిప్పడంలో నా అనుభవం

ఐటీఐలో 2 ఏళ్ళు టర్నర్ ట్రేడు చదివి, తరువాత 31 ఏళ్ళు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, ఈ మధ్యే రిటైరై మళ్ళీ ఇనుము వైపు తిరిగాను. చదువు వృథా అయిందని మా నాయన చివరిదాకా బాధపడ్డాడు. నేనొప్పుకోను. ఇనుప కడ్డీల్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ మీద సరుకు గిర్రున తిరుగుతుంది, దాన్ని కోసే టూలు మాత్రం కూర్చున్న చోటు నుంచి తాపీగా ఒక మిల్లీమీటరు జరుగుతుంది. మా ఆఫీసులో జనానికీ నాకూ మధ్య నడిచింది అదే సూత్రం.

ఇప్పుడు కడపలో మా ఇంటికి ఏ లేత్ తేవాలన్నది ప్రశ్న. దాంతో ఏం చేస్తావని అడిగేవాళ్ళు తరువాత రావలసిందిగా మనవి.

చైనా మినీ లేత్ 40 కిలోలుంటుంది. 180 మిల్లీమీటర్ల వ్యాసం, 350 పొడవున్న సరుకు పడుతుంది. ఇద్దరు పట్టుకుంటే వంటింటి గట్టు మీద పెట్టెయ్యొచ్చు. ఈ చివరి మాట మా ఆవిడ వినేట్టు అనకుండా ఉండాల్సింది. పైగా కాస్త లోతుగా కోత పెడితే అది చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

గుజరాత్‌లోని రాజ్‌కోట్, పంజాబ్‌లోని బటాలా వైపు నుంచి వచ్చే నాలుగున్నర అడుగుల లేత్ అట్లా వణకదు. కానీ దాన్ని గదిలోకి దించాలంటే చైన్ పుల్లీ కావాలి, బహుశా ఒక గోడ పోవాలి. మా ఇంట్లో నేలంతా కడప బండలు. కింద బోలుగా ఉన్నచోట బరువు పడితే బండ టక్కున విరుగుతుంది. నేల కుంగి బెడ్, అంటే లేత్‌కు అడుగునుండే పొడుగాటి ఇనుప దిమ్మ, ఏమాత్రం మెలి తిరిగినా కడ్డీ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా, టేపర్‌గా వస్తుంది. ఐటీఐలో నా కడ్డీలన్నీ బెడ్ చక్కగా ఉన్నా అట్లాగే వచ్చేవనుకోండి, అది వేరే సంగతి.

కరెంటుదీ చిక్కే. ఎర్రగుంట్ల దగ్గర అంత పెద్ద థర్మల్ స్టేషన్ ఉంది, మా ఇంటికొచ్చేది మాత్రం సింగిల్ ఫేజే. త్రీఫేజుకు అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీల సంగతి లోపలి నుంచి చూసినవాణ్ణి కాబట్టి పెట్టలేదు. కరెంటును మార్చి మోటారుకిచ్చే వీఎఫ్‌డీ డబ్బా ఒకటి బిగిస్తే సింగిల్ ఫేజు మీదే త్రీఫేజు మోటారు తిరుగుతుంది, వేగం కూడా మార్చుకోవచ్చు.

ఇక సెకండ్ హ్యాండ్. పాత లేత్ కొనేవాడు రంగు చూడకూడదు, సరుకును బిగించి తిప్పే చక్ దగ్గర బెడ్ చూడాలి. పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి అక్కడే అరుగుతుంది. ఆ అరుగుదలకు సరిపోయేట్టు టూలును మోస్తూ బెడ్ మీద జరిగే క్యారేజీని బిగిస్తే, అవతలి కొసకు పోయేసరికి పట్టేస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఆఫీసులో నా టేబుల్ ముందరి బండ ఒక్కటే గుంట పడింది.

మా వీధి చివర బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు చేసే టర్నర్ ఉన్నాడు. ఎక్కడో షాపు మూసేస్తున్నారని, మంచి మిషన్ ఉందని అన్నాడు. చూడ్డానికి ఎప్పుడు రమ్మంటావన్నా అని అడిగాను. కొలతలు చూసే వెర్నియర్ పక్కన పెట్టి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"మా నాయన ఫైలు మీ టేబుల్ మీదే గదా సార్ ఉండింది? రేపు రాండి."

మర్నాడు పోయాను. తలెత్తకుండానే, "సారు పనిలో ఉండాడు, సోమవారం రాండి" అన్నాడు. సారంటే ఆయనే.

ఈ రోజు సోమవారం. ఆధార్ జిరాక్సు తెమ్మన్నాడు. ఎందుకైనా మంచిదని రెండు కాపీలు తీసుకుని బయల్దేరుతున్నాను.