గ్యారేజీ ఫ్రిజ్ గారికి మాజీ యజమానురాలి విన్నపం

మహారాజశ్రీ గ్యారేజీ ఫ్రిజ్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి కంప్రెసర్ కూడా క్షేమమేనని రాత్రంతా గోడ అవతలి నుంచి వినిపిస్తూనే ఉంది. వ్రాయునది ఏమనగా...

వంటింట్లో ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని నువ్వు అనేదాన్ని. పై అరలో పెరుగు, కింది అరలో దోసెల పిండి, తలుపులో ఆవకాయ సీసా. ఒక్కరోజు కూడా మీరు సణగలేదు. కొత్త స్టీలు ఫ్రిజ్ రాగానే మిమ్మల్ని గ్యారేజీకి బదిలీ చేస్తే, పాపం పనిష్‌మెంట్ పోస్టింగ్ అనుకున్నాను. తీరా చూస్తే అది ప్రమోషన్! ఇప్పుడు తమరి తలుపుకి నల్ల పిడి ఉన్న కుళాయి, కింద చుక్కలు పట్టే పళ్లెం, లోపల బీరు పీపా. ఈ ఫ్రిస్కోలో, డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు మగాళ్లంతా శనివారం సాయంత్రం దర్శనానికి వస్తున్నారు. ఇంత హోదా వచ్చాక నువ్వు అంటే బాగుండదు కదా.

ముందుగా మీ శస్త్రచికిత్స గురించి నా సంతాపం తెలియజేసుకుంటున్నాను. హాఫ్ బ్యారెల్ పీపా అంటే 15.5 గ్యాలన్లు, మన లెక్కలో 58 లీటర్ల పైమాటే. నిండుగా ఉంటే 70 కిలోలు దాటుతుంది. అది పట్టడం కోసం అద్దాల అరలన్నీ పీకేశారు. అయినా తలుపు మూతపడలేదు. అప్పుడు మా ఆయన చాకు తెచ్చి గుడ్ల అర, వెన్న అర, నా ఆవకాయ సీసా ఉండే అర కోసి పారేశారు. ఆ తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు రీసైక్లింగ్ డబ్బాలో వేసింది నేనే. వెన్న అర మూత మీద పసుపు మరక ఇంకా అలాగే ఉంది.

తర్వాత తలుపుకి చిల్లు. పక్క గోడకి ఎందుకు పెట్టలేదో మీకు తెలిసే ఉంటుంది. ఆ గోడల్లో గ్యాస్ గొట్టాలు దాక్కుని ఉండొచ్చు. డ్రిల్లు ఒక్కటి తగిలితే ఫ్రిజ్ కాస్తా బీరువా అవుతుంది. తలుపులో అలాంటివేమీ ఉండవు కాబట్టి అదే క్షేమం. మా ఆయన స్నేహితుడు తన చిన్న ఫ్రిజ్‌కి నెత్తినే కుళాయి పెట్టించాలనుకున్నాడు. ఆ గొట్టం ఎక్కడుందో కనిపెట్టడానికి మొక్కజొన్న పిండిలో స్పిరిట్ కలిపి దాని నెత్తిన పూశారు. కంప్రెసర్ నడుస్తుంటే గొట్టం వేడెక్కి, దాని మీదున్న పిండి ముందుగా ఆరి గీతలా కనిపిస్తుందట. నలుగురు ఇంజినీర్లు మోకాళ్ల మీద కూర్చుని పిండి ఆరడం చూశారు. మా ఇంట్లో అట్టు కాలడం ఏనాడూ ఎవరూ అంత శ్రద్ధగా చూసింది లేదు.

ఇక పొదుపు సంగతి. "క్యాన్లు కొనడం దండగ, పీపా అయితే ఏడాది తిరిగేసరికి పెట్టుబడి వచ్చేస్తుంది" అన్నది మీ పక్షాన మా ఆయన చేసిన వాదన. లెక్క నేనూ వేశాను. ఒక పీపాలో 12 ఔన్సుల గ్లాసులు 165 వస్తాయి. పాశ్చరైజ్ చెయ్యని బీరు చల్లగా ఉంచినా ఆరు నుంచి ఎనిమిది వారాల వరకే రుచిగా ఉంటుంది. ఇంట్లో తాగే మనిషి ఒక్కరు. అంటే వారం వర్జ్యం లేకుండా, ఏకాదశి అమావాస్య చూడకుండా, రోజుకి మూడు గ్లాసులు లాగించాలి. లేదా ఊరందరినీ పిలవాలి. ఊరినే పిలిచారు. వాళ్లకి పకోడీలు, మిర్చి బజ్జీలు, చికెన్ సిక్స్టీఫైవ్ ఎవరు వేయించారో, ఆ నూనె డబ్బాలు పెట్టుబడి ఖాతాలో రాశారో లేదో ఒకసారి కనుక్కుని చెప్పగలరు.

అంతా అయ్యాక ప్రారంభోత్సవం నాడు మీరు ఇచ్చింది బీరు కాదు, నురుగు. గ్లాసు నిండా తెల్లగా, అడుగున రెండు గుక్కలు పసుపు పచ్చగా. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాట్లాడే భాషే మారిపోయింది. "ప్రెషర్ ఎంత?" "పన్నెండు." "టెంపరేచర్?" "ముప్ఫై ఎనిమిది ఫారెన్‌హీట్." "అయితే లైను పొట్టిగా ఉందిరా." సన్నటి గొట్టం ఎంత పొడుగుంటే బీరు అంత నెమ్మదించి వస్తుందట. పొట్టిదైతే ఒక్కసారిగా విరుచుకుపడి గ్యాసంతా నురగై పోతుందట. పైగా టెక్సస్ ఎండాకాలంలో గ్యారేజీ కొలిమి. లోపల ఎంత చల్లగా ఉన్నా తలుపు బయటున్న కుళాయి కాలుతూ ఉంటుంది. మొదటి గ్లాసు నురగే మరి. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు కూడా మా ఆయన ఇంత లోతుగా కారణాలు వెతకలేదని ఆయన మేనేజరు తరఫున నేను హామీ ఇవ్వగలను.

తమరి ఫ్రీజరు గురించి కూడా ఒక మాట. అందులో నా కొబ్బరి తురుము, మునక్కాడ ముక్కలు ఉండేవి. వాటిని ఖాళీ చేయించి గాజు మగ్గులు పేర్చారు, మంచు పట్టాలని. మంచు పట్టిన మగ్గులో పోస్తే నురగ ఇంకా ఎక్కువ వస్తుందని తర్వాత వాళ్లే చదివి తెలుసుకున్నారు. మగ్గులు మాత్రం అక్కడే ఉన్నాయి. మునక్కాడలు తిరిగి రాలేదు.

మధ్యలో ఒకసారి, బీరుని కుళాయి దాకా తోసే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ నింపించుకుని వస్తే తెల్లారేసరికి ఖాళీ. ఏదో బిగింపు దగ్గర సన్నగా కారిపోయింది. సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడొస్తాయో వెతికారు. దీని మీద మాత్రం నాకు వ్యంగ్యం లేదు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, వాసన ఉండదు, మూసిన గదిలో నేలబారుగా పేరుకుంటుంది. మా చిన్నాడు ఆ గ్యారేజీలోనే నేల మీద కూర్చుని కార్లతో ఆడుకుంటాడు. అందుకే తమరి పక్కన అలారం పెట్టించింది నేనే. అది మోగితే కుళాయి వైపు కాదు, గ్యారేజీ తలుపు వైపు పరిగెత్తమని మీ భక్తులకు చెప్పండి.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది శుభ్రత. తాగిన కాఫీ కప్పు సింకులో పెట్టడం తెలియని మనిషి, ఇప్పుడు పద్నాలుగు రోజులకోసారి తప్పకుండా తమరి గొట్టాలు విప్పి, శుభ్రం చేసే మందు కలిపిన నీళ్లు పోసి కడిగి, మంచినీళ్లతో జాడించి మళ్లీ బిగిస్తున్నారు. కడగకపోతే లోపల పాచి కడుతుందట, రాయి కడుతుందట. కడిగిన గొట్టం కొస ఎవరైనా ముట్టుకుంటే మళ్లీ మొదలు. మా నానమ్మ మడి ఇంతకన్నా తేలిక.

ఇప్పుడు కొన్న పీపా కూడా నామోషీ అయిపోయింది. ఇంట్లోనే బీరు కాస్తారట. పూర్వం పెప్సీ, కోక్ వాళ్ల సోడా సిరప్పు నింపిన ఐదు గ్యాలన్ల సన్నటి పాత స్టీలు పీపాలు రెండు వచ్చాయి. ఇదంతా చట్టబద్ధమేనా అని అడిగాను. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంట్లో ఒక్క పెద్దమనిషి ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్ముకోకూడదంతే అని గడగడా చెప్పారు. ఆ రెండో వంద గ్యాలన్లు ఎవరివి మహాశయా? నావి! పెళ్లి సర్టిఫికెట్ వీసాకే పనికొస్తుందనుకున్నాను. నా వాటా నా అనుమతి లేకుండా తమరి ఖాతాలో జమ అవుతోంది.

నల్లగొండ నుంచి వచ్చిన మా మామయ్యగారు తమరిని దర్శించుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. కొడుకు ప్రెషరూ గొట్టమూ అన్నీ వివరించి ఒక గ్లాసు పట్టి ఇచ్చాడు. ఆయన గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "గింత చేసి నురుగేనారా? మన కల్లు గీసే గౌడన్నకు గివన్ని యాడియి, మోకు, ముత్తాదు, కత్తి, గంతే. చెట్టు మీద లొట్టి దానంతటదే పొంగుతుండె" అన్నారు. ఆ తర్వాత గ్లాసు ఖాళీ చేసి, "ఇంకో లొట్టి పట్టురా" అని కూడా అన్నారు, అది వేరే విషయం.

కాబట్టి నా విన్నపం చిన్నది. సంక్రాంతికి ఇంటికి ముప్ఫై మంది వస్తున్నారు. అరిసెల పాకం, గారెల పిండి, పులిహోర పోపు, రెండు పెద్ద గిన్నెల పెరుగు. కొత్త ఫ్రిజ్ ఒక్కదానితో అయ్యే పని కాదు. పీపా పక్కన పైన కాస్త ఖాళీ ఉంది, టేపు పెట్టి చూశాను, పెరుగు గిన్నె పడుతుంది. ఆ గిన్నె పెట్టినప్పుడు "లోపల టెంపరేచర్ డిస్టర్బ్ అవుతుంది" అని ఎవరైనా అంటే, ఈ ఉత్తరం చూపించండి.

ఇట్లు,
తమరి తలుపులో ఆవకాయ పెట్టిన మనిషి

తా.క. నిన్న కొట్లో మా ఆయన ఒక చెస్ట్ ఫ్రీజర్ ముందు ఆగిపోయారు. మూతకీ డబ్బాకీ మధ్య చెక్క చట్రం బిగిస్తే నాలుగు కుళాయిలు పెట్టొచ్చట, పీపాలు కూడా నాలుగు పడతాయట. ఫోన్లో ఫొటో తీసుకున్నారు. తమరికి ముందే చెప్పడం నా ధర్మం. ఎండాకాలం వచ్చేలోపు ఆ చిల్లుకి ఒక బిరడా చూసి పెడతాను.